రోజాలో కసరత్తు: పట్టుదల కన్నా వేళ ముఖ్యం

రోజాలు, అంటే పగటి ఉపవాసాలు, ఉండే రంజాన్ నెల దగ్గరపడుతోందంటే జిమ్‌కి వెళ్లే ముస్లిం కుర్రాళ్లకు ఒకటే బెంగ. పదకొండు నెలలు చెమటోడ్చి పెంచుకున్న కండ ఈ ఒక్క నెలలో కరిగిపోతుందేమోనని. ఆ బెంగతో కొందరు సహర్ (రోజా మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే భోజనం) తిన్న గంటకే బరువులెత్తడానికి బయల్దేరతారు. ఇంకొందరు ఎలాగూ కుదరదని నెలంతా కసరత్తు జోలికే పోరు. రెండూ అక్కర్లేదు. వేళ సరిగ్గా ఎంచుకుంటే రోజా చెడదు, ఒళ్లూ చెడదు.

ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. హైదరాబాద్‌లో సహర్ గడువు తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో ముగుస్తుంది, రోజా విప్పే ఇఫ్తార్ సాయంత్రం ఆరున్నరకు అటూ ఇటూ. అంటే తిండీ నీళ్లూ లేకుండా దాదాపు 13 గంటలు. 2018లో ఇదే నెల మే ఎండల్లో మొదలైంది, దానితో పోలిస్తే ఇది తేలికే. అయినా భయపడాల్సింది ఆకలికి కాదు, దాహానికి. తిండి లేకపోయినా ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర), కొవ్వు పగలంతా పనికొస్తాయి. చెమటగా పోయిన నీటికి అలాంటి నిల్వ ఏదీ లేదు. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గితే చాలు, గుండె వేగం పెరుగుతుంది, పరుగు మందగిస్తుంది. 70 కిలోల మనిషికి అది లీటరున్నర కూడా కాదు. పొద్దున ఏడింటికి పరుగెత్తి పోగొట్టుకున్న నీళ్లు మళ్లీ దక్కేది పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్‌కే. అందుకే సహర్ తర్వాతి కసరత్తు అన్నిటికన్నా చెడ్డది.

తెలంగాణలో రంజాన్ నెలలో ముస్లిం ప్రభుత్వోద్యోగులను సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లనిస్తున్నారు. ఇఫ్తార్‌కు ముందు దొరికే ఆ సమయంలో చివరి అరగంట, ముప్పావుగంట నడకకు బాగుంటుంది, ఎందుకంటే నీళ్లు ఎంతో దూరంలో లేవు. బరువులు మాత్రం రాత్రికే. ఖర్జూరం, నీళ్లు, పండ్లతో రోజా విప్పి, నమాజు చేసుకుని, తేలిగ్గా ఏదైనా తిని గంట ఆగితే చాలు. లేదా రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు తర్వాత. నెయ్యి తేలే హలీం గిన్నెడు లాగించి అరగంటలో స్క్వాట్లు చేస్తే ఏమవుతుందో చేసినవాళ్లకే తెలుసు. హలీం కసరత్తు అయ్యాక తింటే గోధుమ, మాంసం, పప్పు కలిసిన మంచి భోజనం.

ఈ నెలలో కొత్తగా కండ పెంచాలన్న పంతం వదిలేయాలి. ఉన్నది నిలుపుకోవడానికి వారానికి రెండు మూడు సార్లు చాలు. ఎత్తే బరువును మరీ తగ్గించకుండా సెట్లు సగం చేస్తే బలం పెద్దగా పోదు. పైగా తరావీహ్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 20 రకాత్‌లంటే (నమాజులో ఒక్కో ఆవృతి ఒక రకాత్) 20 సార్లు నడుము వంచడం, 40 సార్లు నుదురు నేలకు ఆనించే సజ్దాకు దిగి లేవడం, మధ్యలో ఖురాన్ పారాయణం వింటూ నిలబడటం. ఇబాదత్‌ను (ఆరాధనను) వ్యాయామం అనడం నా ఉద్దేశం కాదు. కానీ గంటకు పైగా అలా చేసిన మోకాళ్లు, పిక్కలు అలిసిపోతాయి. మర్నాటి కసరత్తు ఆ అలసటను చూసుకునే పెట్టుకోవాలి.

నిజంగా కండను తినేది నిద్రలేమి. తరావీహ్ అయ్యాక రాత్రి రెండింటి దాకా బజార్లో తిరిగి, నాలుగున్నరకు సహర్‌కు లేచి, తొమ్మిదికి డ్యూటీకి పోతే ఏ ప్రొటీన్ పొడీ కాపాడదు. బజారు వారానికి ఒకరోజు చాలు. సహర్‌కు మన ఇళ్లలో వండే ఖిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా ఏ డైట్ చార్టుకూ తీసిపోవు. పక్కన ఓ కప్పు పెరుగు ఉంటే ఇంకా మంచిది.

ఇక వీరగాథల సంగతి. బాస్కెట్‌బాల్ ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో రోజాలు ఉంటూనే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆ నెల మేటి ఆటగాడిగా నిలిచాడు. గొప్ప విషయమే, అందరికీ కొలమానం మాత్రం కాదు. 2012 రంజాన్‌లో లండన్ ఓవల్ మైదానంలో 311 పరుగులు చేసిన దక్షిణాఫ్రికా క్రికెటర్ హషీం ఆమ్లా, ప్రయాణంలో ఉన్నాను కాబట్టి రోజా లేనని, ఇంటికెళ్లాక పూర్తి చేస్తానని చెప్పాడు. నాకు ఆదర్శంగా తోచేది ఆమ్లానే. రోగులు, ప్రయాణికులు తర్వాత పూర్తి చేసుకోవచ్చని ఖురాన్ రెండో సూరా (అధ్యాయం)లోనే స్పష్టంగా ఉంది. అయినా 2025లో దుబాయ్‌లో మ్యాచ్ మధ్య డ్రింక్ తాగాడని భారత బౌలర్ మహమ్మద్ షమీని తప్పుపట్టినవాళ్లున్నారు. ఆ విమర్శ నాకు బాధ కలిగించింది. దేవుడిచ్చిన సడలింపును మనిషి లాక్కోవడం ఏం న్యాయం?

ఈ సడలింపు షుగరు ఉన్నవాళ్లకు ప్రాణావసరం. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు తగ్గించే మందులు వాడేవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోవాలి, ఇఫ్తార్‌కు ముందు కఠినమైన కసరత్తు మానాలి. వేలికి సూది గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదని ఆలిములే (మతపండితులే) చెబుతున్నారు. షుగరు రీడింగ్ 70 (mg/dL) కన్నా తగ్గితే ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, రోజా విప్పేయాలి.