వైఫై ఫుల్ గీతల వారికి

మహారాజశ్రీ వైఫై గీతల గారికి,

కూకట్‌పల్లి నుంచి నమస్కరించి రాయునది. మధ్యాహ్నం ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో నేను నోరు తెరిచినట్టే ఫ్రీజ్ అయిపోయినప్పుడు కూడా తమరు స్క్రీను మూలన నిండుగా, ఒక్క గీతా తగ్గకుండా వెలుగుతూనే ఉన్నారు. "మీ వాయిస్ కట్ అవుతోందండీ" అని అవతలి మేడమ్ అనడం నాకు చక్కగా వినిపించింది, నా జవాబే ముక్కలుముక్కలుగా వెళ్ళిందట. తమరి నిబ్బరానికి జోహార్లు.

ఇంతకీ తమరు కొలిచేదేమిటి? రౌటర్ గొంతు నా ల్యాప్‌టాప్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో, అంతే. చుట్టూ గోల ఎంతుందో లెక్కలో లేదు. తప్పుల్లేకుండా ఎంత సమాచారం పంపొచ్చో తేల్చేవి బ్యాండ్‌విడ్త్, అంటే సిగ్నల్‌కి దొరికే ఫ్రీక్వెన్సీల వెడల్పూ, నాయిస్‌తో, అంటే ఆ గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంతుందన్నదీ అని గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1948లోనే లెక్కగట్టి చెప్పాడు కదండీ. బరాత్‌లో తీన్మార్ డప్పుల పక్కన నిలబడి ఎంత గొంతు చించుకుంటే ఏం లాభం?

పైగా నా గొంతు రౌటర్‌కి చేరుతోందా లేదా అన్నది మీకు అసలు తెలియనే తెలియదు. ఆ రౌటరేమో వంటింటి గోడకుంది. గోడ అవతల అమ్మ మైక్రోవేవ్ ఓవెన్లో అన్నం వేడి చేస్తోంది, ఆ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, సరిగ్గా నా వైఫై బ్యాండ్ నడిమధ్య. తలుపు సందుల్లోంచి లీకయ్యే ఆ కాస్త మనిషినేం చేయదు గానీ రౌటర్‌కి చెవులు దిమ్మెక్కిస్తుంది. ఒకటీ అరా బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ, తిరగబడితే తప్పులు దిద్దే ఎర్రర్ కరెక్షన్ సర్దేస్తుంది. అంతకు మించితే చెక్‌సమ్ అనే సరిచూసే లెక్క తప్పి ప్యాకెట్, అంటే ఆ సమాచారపు మూట, మొత్తం చెత్తబుట్టకే, మళ్ళీ పంపాలి, మళ్ళీ పోతే మళ్ళీ. దాంతో ల్యాప్‌టాప్ హడలిపోయి వేగం తగ్గిస్తుంది. మామూలు ఓవెన్ గోల ఏకధాటిగా ఉండదు, కరెంటుతో పాటు సెకనుకు 50 సార్లు వచ్చి పోతుంటుంది, చిన్న ప్యాకెట్లు ఆ సందుల్లో దూరిపోగలవు. వేగం తగ్గాక అదే ప్యాకెట్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఆ సందు చాలదు, ఇంకా ఎక్కువ దెబ్బలు తింటుంది!

వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 చానళ్ళు వదిలేసి 3 పెట్టుకున్న మా పైఫ్లాట్ మహానుభావుడికి వేరే ఉత్తరం రాస్తా. ఒకటో చానల్నీ ఆరో చానల్నీ ఒకేసారి చెడగొట్టే నేర్పు అందరికీ రాదు. ఓవెన్ గోల తగలని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారమనే సలహాదారులారా, అది మా రెండు గోడలు దాటేసరికే నీరసించిపోతోంది, ఊరుకోండి.

ఆకాశవాణి మీడియం వేవ్‌లో గరగరలాడినా వార్తలు అర్థమయ్యేవి, ఉరుమొస్తే ఒక మాట పోయేది. డిజిటల్‌కి ఆ నెమ్మది లేదు, చివరిదాకా అంతా బాగున్నట్టే ఉండి ఒక్కసారిగా కుప్పకూలుతుంది. సరే, దాని తీరే అంత. కూలుతున్నప్పుడైనా చెప్పొద్దా నువ్వు? నీకున్నది ఆ ఒక్క పనే కదా! ఎన్ని ప్యాకెట్లు మళ్ళీ పంపాల్సొస్తోందో అదే ల్యాప్‌టాప్‌లో వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కి తెలుసు, ఆ ముక్క దాన్ని అడగడానికి నీకేం రోగం? ఒక్క గీత తగ్గి ఉంటే చాలు, "అమ్మా, ఆ ఓవెన్ ఆపు" అని అరిచేవాణ్ణి.

సోమవారం ఇంకోసారి మాట్లాడదామన్నారు, వాళ్ళ దయ. ఈలోపు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్ళి పొడుగాటి ల్యాన్ కేబుల్ ఒకటి తెస్తున్నా. హాలుకి అడ్డంగా పరిచి కూర్చుంటా, ఎవరు కాలు తట్టుకుని పడ్డా సరే.