సేవకులకు పేదలు సరిపోవడం లేదు

ప్రపంచంలో పేదరికం గురించి బాధపడేవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, పేదల కొరత గురించి పట్టించుకునే నాథుడే లేడు. తిండికి లేని పేదల మాట కాదు నేనంటున్నది. వాళ్ళకేం లోటు లేదు. విమానాశ్రయానికి మరీ దూరం కాకుండా, చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాలు ఉండి, సరిగ్గా కాలేజీలకు సెలవులిచ్చే రోజుల్లో తీరిగ్గా దొరికి, రెండు వారాల్లో ఉద్ధరించడానికి వీలయ్యే పేదల సంగతి చెబుతున్నాను. అలాంటివాళ్ళు ఇప్పుడు అరుదైపోయారు. ఇటు చూస్తే పరాయి దేశంలో సేవ చేసి తీరాలని సంచులు సర్దుకున్న యువతరం బారులు తీరి నిలబడింది. సేవాయాత్రలు నడిపే కంపెనీలకు డబ్బు కట్టేశారు, టీకాలు పొడిపించుకున్నారు, ఫోన్లో ఫొటోలకు చోటు ఖాళీ చేసి పెట్టుకున్నారు. వాళ్ళను ఉత్త చేతులతో వెనక్కి పంపడం మానవత్వం అనిపించుకోదు.

ఈ విషయంలో కంబోడియా చూపిన చొరవను మెచ్చుకోవాలి. యుద్ధాలు ముగిసి ఏళ్ళు గడిచాక ఎక్కడైనా అనాథాశ్రమాలు తగ్గుతాయి. అక్కడ మాత్రం 2005 నుంచి 2010 లోపు 75 శాతం పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని అక్కడి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి 2011లో తేల్చాయి. ఇందులో తప్పేముంది? గిరాకీ ఉన్న చోటికి సరుకు రావడం వ్యాపార ధర్మం. దళారి పల్లెకు వెళ్ళి, 'మీవాణ్ణి పట్నంలో ఇంగ్లీషులో చదివిస్తాం, మూడు పూటలా అన్నం పెడతాం' అంటాడు. తల్లి కళ్ళు తుడుచుకుని పంపిస్తుంది. పొద్దున ఇంట్లో కొడుకుగా లేచినవాడు సాయంత్రానికి అనాథగా నమోదవుతాడు. నేపాల్‌లోనూ అంతే. అనాథాశ్రమాలు కొండల మీది మారుమూల జిల్లాల్ని వదిలేసి, ఖాట్మండు, పోఖరా లాంటి విదేశీయులు తిరిగే చోట్లకు చేరాయి. దూరాభారం సేవకుడికి ఉండకూడదు గానీ, పిల్లవాడికి ఉంటే ఏం?

ఇక ఆ ఆశ్రమాల్లో దొరికే ప్రేమ సంగతి చెప్పాలి. వ్యాను ఆగుతుంది. మీరింకా రెండో కాలు కింద పెట్టకముందే నాలుగేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి మోకాళ్ళకు చుట్టుకుంటుంది. పేరడగదు, ఊరడగదు, చంకనెక్కి మెడలో మొహం దాచుకుంటుంది. అక్కడే మీ కళ్ళు చెమరుస్తాయి, ఫొటో కూడా పడుతుంది. గిట్టనివాళ్ళు కొందరున్నారు, పిల్లల మనస్తత్వ నిపుణులని పేరు. సొంత మనిషంటూ స్థిరంగా లేని పిల్లలే ముక్కూమొహం తెలియనివాళ్ళను ఇలా అల్లుకుపోతారని, పద్నాలుగో రోజున అలా అల్లుకున్న మనిషి కూడా వ్యానెక్కి వెళ్ళిపోతే గాయం మరింత ముదురుతుందని వాళ్ళ వాదన. వాళ్ళకు తెలియందేమిటంటే, పదిహేనో రోజున ఇంకో వ్యాను వస్తుంది.

అయినా ఈ రంగానికి శత్రువులు తక్కువేం కాదు. డబ్బుకోసం పిల్లల్ని ఆశ్రమాలకు తరలించడం ఆధునిక బానిసత్వమేనని ఆస్ట్రేలియా 2018లో గుర్తించింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, అదుపు లేని ఈ ఆశ్రమ సేవల వల్ల జరిగే హానిని అరికట్టాలని దేశాలను కోరింది. సభలూ చట్టాలూ ఎప్పుడూ ఇంతే, ఉత్సాహవంతుల మీద నీళ్ళు చల్లడం.

పిల్లల జోలి వద్దనుకుంటే గోడలున్నాయి. ఇటుక ఎటు పట్టుకోవాలో తెలియని పన్నెండు మంది, పగలంతా ఎండలో పాటలు పాడుకుంటూ గోడ లేపుతారు. సిమెంటు మాలు ఒక వరసలో బొటనవేలు మందం, పై వరసలో అసలు లేదు. గోడ కాస్త కడుపుతో ఉన్నట్టు ముందుకు వస్తుంది. ఊరి మేస్త్రీ పక్కనే చెట్టు కింద కూర్చుని, చేతులు నలుపుకుంటూ, అడిగినప్పుడల్లా బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఇక్కడ ఆ దిద్దుబాటు కూడా మేస్త్రీ నెత్తినే, అదీ అతిథులు భోజనానికి వెళ్ళాక, వాళ్ళు నొచ్చుకోకుండా.

లెక్కలు అడిగేవాళ్ళ కోసం హోండురాస్ ఉదాహరణ ఇస్తాను. 1998లో మిచ్ తుపాను ఆ దేశాన్ని ఊడ్చేశాక, ఉత్తర అమెరికా నుంచి బృందాలు దిగి ఇళ్ళు కట్టాయి. ఒక పరిశోధకుడు పనిగట్టుకుని వెళ్ళి చూశాడు. ప్రయాణ ఖర్చులతో కలిపి అతిథులు కట్టిన ఒక్కో ఇల్లు సుమారు 30 వేల డాలర్లు తేలింది. స్థానిక సంస్థ కడితే 2 వేలు. ఆయన దాన్ని తప్పుగా చదివాడని నా అభిప్రాయం. 2 వేలు ఇంటి ఖర్చు, 28 వేలు తృప్తి ఖర్చు. ఆ రెండో పద్దు కింద మరో పద్నాలుగు ఇళ్ళు లేచేవంటారా, వాటితో ఎవరూ ఫొటో దిగరు కదా.

వైద్యం సంగతి కూడా ఓ మాట. డాక్టరు కావాలనుకునే విద్యార్థులు, తమ దేశంలో పేషెంటు మంచం అంచు తాకడానికి కూడా అనుమతి లేనివాళ్ళు, బయటి దేశంలో సూదులు వేసి, కుట్లు వేసి రావడం ఎక్కువైపోయింది. సొంత దేశంలో చేయనివ్వని పని అక్కడా చేయొద్దని అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లో మార్గదర్శకాలు రాసింది. మరి చేయి తిరిగేదెలా?

అమెరికా ప్రభుత్వ సేవాసంస్థ పీస్ కోర్ లాంటి చోట, శిక్షణతో కలిపి 27 నెలలు ఇచ్చి, ఒకే ఊళ్ళో పాతుకుపోయి, భాష నేర్చుకుని, పిలిచిన పనే చేసే ఛాందసులు కూడా ఉన్నారు. వాళ్ళ వల్ల మనకే ఇబ్బంది. ఎలా పోల్చి చూసినా మనం పలచగా కనబడతాం.

ఇంతకీ నా ప్రతిపాదన ఇది. ఈ మొత్తం వ్యవహారంలో జీతం లేకుండా పనిచేస్తున్నది ఎవరు? బృందం మారినప్పుడల్లా అదే స్వాగతగీతం మళ్ళీ పాడేది, అదే బడి గోడకు ఇంకో పూత పూయించుకునేది, చదువు మానేసి ఆటలాడి చూపించేది ఆ ఊరివాళ్ళు. అనుభవ ధ్రువపత్రం ఇవ్వాల్సింది వాళ్ళకు. 'ఫలానా బాలిక అనేక విదేశీ యువకుల ఎదుగుదలకు నిస్వార్థంగా తోడ్పడింది' అని రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. బయోడేటాలో పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇచ్చిపుచ్చుకోవడం కూడా మొదలవ్వాలి. ఆ చెట్టు కింది మేస్త్రీని బ్రిటన్ పంపిద్దాం. రెండు వారాలు ఏదో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెబుతాడు. శిక్షణ లేదు నిజమే, మనసు మంచిది. కానీ అక్కడి బళ్ళో పిల్లలకు పాఠం చెప్పాలంటే ముందు నేర చరిత్ర తనిఖీ పత్రం కావాలట. అంతదాకా ఎందుకు, వీసా కిటికీ దగ్గరే ఆపేస్తారు. గడువు ముగిశాక నువ్వు తిరిగి వెళ్ళిపోతావని గ్యారంటీ ఏమిటని అడుగుతారు. మన సేవకుల్ని మాత్రం ఏ ఊరూ ఆ మాట అడగలేదు. వెళ్ళిపోతారన్న ధీమాతోనే రానిస్తున్నారు.