ఫ్లోట్ ఉందని గెయిన్ వదిలేయకండి

ఈ నెలలో ముగ్గురు అడిగారు. "అన్నా, సింక్ సౌండ్‌లో, అంటే మాటలు షూటింగ్‌లోనే రికార్డ్ చేసి చేద్దామనుకుంటున్నాం. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఒకటి కొంటే చాలు కదా, లెవెల్స్ గొడవ ఉండదు?" చాలదు. ఎందుకు చాలదో ఇక్కడ రాస్తున్నాను.

ఫ్లోట్ అంటే ఎంత పెద్ద శబ్దమైనా, చిన్న శబ్దమైనా పగలకుండా రాసుకునే రికార్డింగ్ పద్ధతి. మంచిదే, కాదనను. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం రికార్డర్లు వచ్చాక చిన్న యూనిట్లకూ అది అందింది. మామూలు 24 బిట్‌లో మీటర్ సున్నా అనే పై హద్దు దాటితే ఆ మాట పోయినట్టే. ఫ్లోట్‌లో తర్వాత దించుకోవచ్చు. అయితే అది కాపాడేది రికార్డర్‌లోకి వచ్చిన సిగ్నల్‌ని మాత్రమే. దారిలోనే పాడైతే?

ఆ మధ్య ఒక చిన్న సినిమాకి సౌండ్ రికార్డిస్ట్‌గా పనిచేశాను. మండువా ఇల్లు, తల్లీకొడుకుల గొడవ సీను. వైడ్ షాట్ కాబట్టి బూమ్ (కర్రకి కట్టిన మైకు) దగ్గరికి వెళ్లలేదు, ఇద్దరికీ బట్టలకి తగిలించే లేపల్ మైకులు పెట్టాం. రిహార్సల్‌లో తల్లి వేషం వేసినావిడ మెల్లగా చెప్పారు. మైకు మాటని వైర్‌లెస్‌గా రికార్డర్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ సెన్సిటివిటీ, అంటే గెయిన్, ఆ గొంతుకే పెట్టి వదిలేశాను. టేక్‌లో కడుపులోంచి అరిచారు. యూనిట్ అంతా చప్పట్లు. నా హెడ్‌ఫోన్స్‌లో గరగర. రికార్డర్ మీటర్‌లో ఎక్కడా ఎరుపు లేదు. గొంతు పగిలింది ఆవిడ నడుముకి కట్టిన ట్రాన్స్‌మిటర్ లోపల. పగిలినదాన్నే ఫ్లోట్ భద్రంగా దాచింది. "ఫ్లోట్ కదా, పోస్ట్‌లో సెట్ చేద్దాం" అన్నారు ప్రొడక్షన్ వాళ్లు. సెట్ కాలేదు. రెండో టేక్‌లో ఆ ఏడుపు రాలేదు, చివరికి డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించారు. ఆ సీను గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆవిడ ఇచ్చిందాన్ని నేను నిలబెట్టలేకపోయాను.

అందుకే రికార్డర్ పెట్టె కొనేటప్పుడు నేను ముందు చూసేది ఫ్లోట్ కాదు, ఒక్కో మైకు లెవెల్‌ని చేత్తో పెంచి తగ్గించే నాబ్‌లు. నలుగురు మాట్లాడే సీన్‌లో నలుగురి మైకులూ తెరిచే ఉంచితే ఒకరి మాట ఇంకొకరి మైకులోకీ పాకుతుంది. గొంతులు డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాయి. ఎవరి డైలాగ్ వస్తే వాళ్లది లేపుతూ, మిగతావి దించుతూ పోవాలి. ఎడిటర్ మొదట వినేది అలా అన్ని మైకులూ కలిపిన మిక్స్ ట్రాకే. ఒక్కో మైకుకీ విడి ట్రాకులు ఎలాగూ ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ గరగరలాడే మిక్స్‌తో నెల రోజులు ఎడిట్ చేసిన డైరెక్టర్ అప్పటికే "లొకేషన్ సౌండ్ బాగాలేదు, డబ్బింగ్‌కి వెళ్దాం" అని మనసులో ఖాయం చేసుకుంటాడు. ఇది చాలాసార్లు చూశాను.

ఎఫ్6లో ఆరు ఇన్‌పుట్‌లు చిన్న పెట్టెలో ఇరికించారు, నాబ్‌లు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. బ్యాగ్‌లో పెట్టి మిక్స్ చేయాలంటే నా వేళ్లకు కష్టం. బూమ్ ఒకటి, లేపల్‌లు రెండు ఉండే షార్ట్ ఫిల్మ్‌కి మూడు ఇన్‌పుట్‌ల మిక్స్‌ప్రీ-3 నయం. ఎక్కువ మంది నటులుంటే జూమ్ ఎఫ్8ఎన్‌లో ఎనిమిది ఇన్‌పుట్‌లు, రెండు కార్డు స్లాట్లు ఉన్నాయి. రెండు కార్డుల మీదా ఒకేసారి రాసే సౌకర్యం నాకు చాలా ముఖ్యం. కార్డు ఒకటి పోతే సీను మళ్లీ తీయించగలిగే స్థితి మనకుండదు.

మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్‌ల నాయిస్ అంకెలు పట్టుకుని జనం గొడవపడతారు. ఈ పెట్టెలన్నిటిలో అది తక్కువే. పక్కింటి ఫ్యాను ఆపించడం, జనరేటర్ వ్యాన్‌ని వీధి చివరికి పంపించడం దానికన్నా ఎక్కువ తేడా తెస్తాయి.

బ్యాటరీ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బూమ్ మైకుకి రికార్డర్ నుంచే 48 వోల్ట్‌ల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇస్తూ నాలుగు ఏఏ సెల్స్‌తో రోజంతా నెట్టుకురావడం కుదరదు. ఎఫ్6 వెనక సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ పెట్టుకోవచ్చు, అది వాడండి. ఇంకొకటి ఛార్జింగ్‌లో ఉంచండి.

టైమ్‌కోడ్ (కెమెరాకీ రికార్డర్‌కీ ఒకే గడియారం) గురించి అడిగేవాళ్లకి: రెండు కెమెరాలు ఉంటే తప్పనిసరి, ఒక్కటే అయితే క్లాప్ చాలు.

కొనే ముందు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒకరోజు అద్దెకు తీసుకోండి. స్నేహితుల్ని నలుగుర్ని కూర్చోబెట్టి ఏదైనా సీను చదివించండి. పెట్టె వైపు చూడకుండా, వాళ్ల మొహాలు చూస్తూ మిక్స్ చేయండి. అందులో ఒకర్ని, ఎప్పుడో మీకు చెప్పకుండా, గట్టిగా అరవమనండి. అప్పుడు రికార్డర్ మీటర్ కాదు, ట్రాన్స్‌మిటర్ మీద పీక్ లైటు వెలిగిందేమో చూడండి.