కుందేలుకూ తాబేలుకూ మధ్య కొలువుదీరిన తమరికి

మహారాజశ్రీ హ్యాండ్ థ్రాటిల్ లివరు గారి దివ్యసముఖమునకు, కోనసీమలో రెండెకరాల వరిచేను, ఎకరం కొబ్బరితోట కలిగిన ఒక రైతు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

కంపెనీవారి పుస్తకంలో తమరి నామధేయం అదే అయినా, మా ఊళ్లో తమరిని చేతి ఎక్సలేటరు అంటారు. ఈ సార్వాలో, అంటే తొలి పంటకు, ఆ పేరుకు ముందు నేను చేర్చిన విశేషణాలను లేఖలో పెట్టడం మర్యాద కాదు గనుక వదిలివేస్తున్నాను. 24 హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరు మీద, స్టీరింగు కింద కుడిపక్కన, పైన కుందేలు బొమ్మ, కింద తాబేలు బొమ్మ అంటించిన సన్నని గాడిలో తమరి కొలువు. మా చిన్ననాటి కథలో కుందేలు పడుకుంటే తాబేలైనా నడిచింది. తమరి ఏలుబడిలో తాబేలు కూడా పడుకుంది.

తమరి పని గురించి తమరికే చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే అయినా, తమరు దానిని మరచినట్లు కనిపిస్తున్నందున విన్నవిస్తున్నాను. తమరు కదిలితే కేబులు కదులుతుంది, కేబులు లాగితే డీజిల్ పంపు పక్కనున్న చిన్న చెయ్యి తిరుగుతుంది, ఆ చెయ్యి ఇంజిను ఎంత వేగాన నడవాలో లోపల వేగాన్ని కాపుకాసే గవర్నరు అనే భాగానికి చెబుతుంది. తమరే డీజిల్ కొలిచి పోస్తారని మా వాళ్లలో చాలామంది నమ్మకం గాని, తమరు నిర్ణయించేది వేగం ఒక్కటే. వెనక తగిలించి మట్టిని చీల్చే రోటవేటరు కత్తులకు బరువైన నల్లరేగడి తగిలినప్పుడు డీజిల్ పెంచడం, ఇసుక పాలు ఎక్కువున్న మూలకు రాగానే తగ్గించడం గవర్నరు పూచీ. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజినుకు రెండు గుండ్లు తగిలించి నేర్పిన విద్య ఇది. ఆ రోటవేటరును తిప్పే పీటీవో ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజిను వేగం ఒకచోట నిలకడగా ఉండాలి. దమ్ములో, అంటే ఊడ్పులకు ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు, గతుకులకు ఎగిరెగిరిపడే మనిషి కాలు ఆ నిలకడను ఇవ్వలేదు గనుకనే తమరిని చేతికి అందేచోట పెట్టారు. కదపాలనుకున్నప్పుడు కదలడం, వదిలినచోట నిలవడం, ఈ రెండింటికి మించి తమరిని ఎవరూ ఏమీ అడగలేదు.

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు పిల్లకాలువ దాకా చేరి, మాకు వంతు వచ్చి, ఊడ్పులకు మనుషులను మాట్లాడుకుని, దమ్ము చక్రాలు బిగించి చేలో దిగిన ఉదయాన తమరు తాబేలు దగ్గర బిగుసుకున్నారు. రెండు చేతులతో తోసినా కదలలేదు. చేసేది లేక కాలి పెడల్ తొక్కి పట్టుకుని రెండు సాళ్లు తిరిగేసరికి నా కుడిపిక్క పట్టేసింది. మూడో సాలుకు పెడల్ సందులో ఒక కొబ్బరి డొక్క ఇరికించాను. ఈ లేఖ చదివే తోటి రైతులు దయచేసి ఆ పని చేయవద్దు. గతుకులో ఆ డొక్క జారి బ్రేకు పెడల్ కిందికి దొర్లింది, దానిని కాలితో తన్ని బయటకు నెట్టేలోగా గట్టు ఎంత దగ్గరకు వచ్చిందో నేను ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు.

అప్పుడు పక్కచేను బాబాయి ఒక జీఐ పైపు ముక్క తెచ్చి తమరి శిరస్సుకు తొడిగి ఒక్క ఊపు ఊపాడు. తమరు కదిలారు. ఒప్పుకుంటాను, చాలా ఘనంగా కదిలారు: తాబేలు దగ్గర బయల్దేరి మధ్యలో ఎక్కడా ఆగకుండా కుందేలు దగ్గరకు వెళ్లి, అక్కడ మళ్లీ బిగుసుకున్నారు. చేతితో పెట్టిన వేగం కన్నా కిందికి కాలి పెడల్ దించలేదు కాబట్టి, పెడల్ మీంచి కాలు తీసినా ఇంజిను కుందేలు వేగంతోనే అరిచింది. క్లచ్ తొక్కి, ఆపే నాబ్ లాగితే గాని ఊరుకోలేదు. పైపు దెబ్బకు తమరి మెడ కొద్దిగా వంగింది; అందుకు బాబాయి తరఫున క్షమాపణలు.

ఇక తమరి అలకకు మూలకారణం వెతికితే అది తిరిగి తిరిగి మా ఇంటికే చేరింది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుంచి ఈ డెల్టా రైతుకు యంత్రవిద్య అంటే తూము తలుపు దగ్గర నేర్చుకున్నదే. తలుపు మర బిగిస్తే కాలువను చూసుకునే లస్కరు గ్రీజు రాస్తాడు, తలుపు లేస్తుంది, నీరు పారుతుంది. రెండేళ్ల క్రితం తమరు కాస్త గట్టిగా కదిలితే మేమూ ఆ శాస్త్రమే పాటించి, తమరి బిళ్లల సందులో వాడేసిన ఇంజినాయిలు పోశాము. తమరు ఎంతో తేలిక అయ్యారు, ఎంతగా అంటే ఇంజిను అదురుకు, స్ప్రింగు లాగుడుకు తమంతట తామే కుందేలు దగ్గరనుంచి తాబేలు దగ్గరకు జారిపోసాగారు. జారుతున్నారని నేను నట్టు ఒక చుట్టు బిగించాను. దాళ్వాలో, అంటే రెండో పంటకు, డ్రైవరు ఇంకో అరచుట్టు బిగించాడు. సంక్రాంతికి కొబ్బరికాయల లోడు వేసుకువెళ్లిన మా బావమరిది, 'ఆయ్, లూజుగా ఉంది బావా' అంటూ మరో చుట్టు వేశాడు. ఆయిలుకు దుమ్ము అంటి, దుమ్ముకు దమ్ము బురద తోడై, పైన ఉప్పుగాలి కూడా సోకి అది జిగురుగా మారింది. గట్టిపడితే ఆయిలు, జారితే చుట్టు, మళ్లీ గట్టిపడితే మళ్లీ ఆయిలు: తమరికి మేము చేసిన సేవ ఇది.

తమరిని అర్థం చేసుకున్నవాడు రావులపాలెం నుంచి వచ్చిన ముసలి మెకానిక్కు ఒక్కడే. ఆయన వస్తూనే తమరి మీద చెయ్యి వేయలేదు. ఇంజిను ఆపించి, తాళం చేతికి తీసుకుని, ముందు పంపు దగ్గర కేబులు కొస విప్పాడు. పంపు చెయ్యిని చిటికెనవేలితో తిప్పితే తిరిగింది, వదిలితే స్ప్రింగు దానిని వెనక్కి తెచ్చింది. పంపు నిర్దోషి అని అక్కడే తేలిపోయింది. అప్పటికే పంపు విప్పి పట్నం పంపాలని సలహా ఇచ్చినవారు మా అరుగు మీద ముగ్గురు ఉన్నారు. తరువాత తమరి వైపు కొస కూడా విప్పి, కేబులు తీగను ఒక్కదాన్నే లాగి చూస్తే ఒక వంపు దగ్గర గరగరలాడింది. చివరకు ఏ బంధమూ లేకుండా ఒంటరిగా మిగిలిన తమరిని తోసి చూశాడు. కదలలేదు. నేరం మూడొంతులు తమరిది, ఒక వంతు కేబులుది.

తమరిని విప్పితే లోపల పెద్ద రహస్యమేమీ లేదు. రెండు ఇనుప రేకుల మధ్య పీచు బిళ్లలు, వాటిని నొక్కే గిన్నె ఆకారపు స్ప్రింగు వాషర్లు, చివర అదురుకు వదులవని నైలాక్ నట్టు. ఒక్కసారి చూస్తే నాకు సిగ్గు వేసింది. తమరు జారకుండా నిలిచేది ఆ బిళ్లల రాపిడి వల్ల. రాపిడే ఉద్యోగంగా ఉన్నవారికి నేను నూనె పోశాను. వాషర్లను ఎంత బిగించామంటే గిన్నెలు పళ్లాలై పోయాయి, స్ప్రింగుగా నడిచే దమ్ము వాటిలో మిగలలేదు.

మెకానిక్కు నూనె తాగిన బిళ్లలను పారవేసి, వంద రూపాయలు కూడా మించని కొత్త బిళ్లలు, వాషర్లు వేశాడు. రేకులను గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచాడు. తమరు తిరిగే ఇరుసుకు మాత్రం పలుచగా గ్రీజు పూసి, అది బిళ్లలకు తగలకుండా ఎంత జాగ్రత్త పడ్డాడో చూస్తే మడికట్టుకున్న అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. వంగిన మెడను వైస్‌లో పెట్టి సరిచేశాడు.

కేబులు సంగతి ఇంకా విచిత్రం. రేవులో ట్రాక్టరు కడిగిన ప్రతిసారీ నీరు దాని పైకొసలోంచి దిగి, సైలెన్సరు పక్కనున్న వంపులో నిలిచి తుప్పు పట్టించింది. పైతొడుగు వేడికి మెత్తబడింది కూడా. తీగలో ఒక్క పోగు తెగినా కొత్తదే వేయాలని ఆయన అన్నాడు గాని, అదృష్టవశాత్తు ఏదీ తెగలేదు. వసారా దూలానికి కేబులు నిలువునా వేలాడదీసి, పైకొసకు పాలిథీన్ సంచి ముక్కను గరాటులా దారంతో కట్టి, కుట్టుమిషను నూనె పోసి రాత్రంతా వదిలేశాము. తెల్లవారేసరికి కింద పళ్లెంలో టీ డికాక్షన్ రంగు చుక్కలు పడ్డాయి, తీగ మీగడలా జారింది. దానిని సైలెన్సరుకు దూరంగా, వంపు తక్కువయ్యేలా మళ్లించి క్లిప్పులు వేశాము.

బిగింపు దగ్గరే ఆయన అసలు పనితనం చూశాను. 13 నంబరు పానాతో పావు చుట్టు వేసి, తమరిని రెండు వేళ్లతో తోసి, ఇంకో పావు వేసి, మళ్లీ తోసి చూశాడు. పంపు చెయ్యి తాబేలు దగ్గర ఒక స్క్రూకు, కుందేలు దగ్గర ఇంకో స్క్రూకు ఆనుతోందో లేదో నా చేత చూపించాడు. పై వేగపు స్క్రూకు కంపెనీవారు వేసిన సీలును ముట్టుకోవద్దని హెచ్చరించాడు. తరువాత ఇంజిను వేసి, తమరిని కుందేలు దగ్గర నిలిపి, మేము టీ తాగి వచ్చేదాకా అలాగే వదిలేశాడు. తమరు జారలేదు. రెండు వేళ్లతో లాగితే మారుమాట లేకుండా తాబేలు దగ్గరకు దిగారు. మరునాడు మిగిలిన దమ్ము పూర్తి చేశాను. రోటవేటరు మోత పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే శ్రుతిలో వినిపించింది.

కాబట్టి గడచిన రెండేళ్లలో తమరిని ఉద్దేశించి నేను వాడిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పైపు ముక్కను బాబాయికి తిరిగి ఇచ్చివేశాను. నూనెడబ్బాను కేబులు కోసమే ఉంచి, తమరి కంటపడకుండా సీటు కింద దాచాను. చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఎడల రెండు వేళ్లకు మించి బలం చూపనని ఒప్పుకున్న
విధేయుడు

తా.క. ఈ లేఖ ముగించేలోగా మా బావమరిది కొబ్బరికాయల లోడుకని ట్రాక్టరు అడిగి తీసుకువెళ్లి, సాయంత్రం తెచ్చి అప్పగించాడు. తమరిని ఒకసారి అటూ ఇటూ ఆడించి, 'ఆయ్, బాగా లూజైపోయింది బావా, నువ్వు చూసుకోలేదనుకుంటాను, నేనే ఒక చుట్టు బిగించేశాను' అని చెప్పి భోజనానికి కూర్చున్నాడు.