సవరణ: నిమిషానికి 5 ఎంబీ కాదు, అర ఎంబీ పైచిలుకే

వాట్సాప్ కాల్‌కి నిమిషానికి దాదాపు 5 ఎంబీ డేటా పోతుందని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు నాదే. గొంతుని కుదించి డేటాగా మార్చే ఓపస్ లాంటి కోడెక్‌లో మాటకి సెకనుకి 24 కిలోబిట్లు అనుకుందాం. ఆ మాట సెకనుకి 50 ప్యాకెట్లుగా, అంటే చిన్న ముక్కలుగా పోతుంది; ఒక్కోదాని మీద 40 బైట్ల (బైటు అంటే 8 బిట్లు) చిరునామా బరువు, అంటే సెకనుకి ఇంకో 16 కిలోబిట్లు. మొత్తం 40. రానూ పోనూ 80. నిమిషానికి 4,800 కిలోబిట్లు. ఇక్కడే తప్పటడుగు వేశాను: 8తో భాగించకుండా బిట్లని బైట్లుగా రాసేశాను! సరైన లెక్క 600 కేబీ, అంటే 0.6 ఎంబీ. కోడెక్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

రెండో తప్పు మా మేనత్త పట్టుకుంది. ఫోర్జీలో మామూలు కాల్ కూడా డేటా మీదే పోతుంది గనక మొబైల్ డేటా ఆపేస్తే రెండూ ఆగిపోతాయన్నాను. తిరుపతి నుంచి ఫోన్ చేసి, "అబ్బాయా, డేటా ఆపేసే మాట్లాడతా ఉండాను గదా, నువ్వు రాసిందేంది?" అంది. ఫోర్జీ మీద పోయే మామూలు కాల్‌ని వోల్టే అంటారు. ఆ వోల్టే కాల్‌కి నెట్‌వర్క్ విడిగా దారి ఇస్తుంది, డేటా ప్యాక్‌లో కోత ఉండదు. వాట్సాప్ కాల్ మాత్రం వీడియోలు, ఫొటోలతో పాటు అదే గుంపులో తోసుకుంటూ పోవాలి.

అలిపిరి మెట్ల మీద, గాలిగోపురం దాటాక వాట్సాప్ గొంతు తెగిపోయిందని రాసింది మాత్రం మార్చడం లేదు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ని ఫోన్ పారేస్తుంది; అయిపోయిన మాటని మళ్ళీ వినిపించి లాభమేముంది?