సవరణ: ఒక గంట అంటే ఎప్పుడూ 15 డిగ్రీలు కాదు

ఖగోళం మీద నక్షత్రాల స్థానాల గురించి రాసిన ముందు పోస్టులో "విషువాంశంలో ఒక గంట తేడా ఉంటే ఆకాశంలో 15 డిగ్రీల దూరం" అన్నాం. విషువాంశం అంటే ఆకాశంలో నక్షత్రం తూర్పు పడమర స్థానం, దీన్ని గంటల్లో కొలుస్తారు. ఆ మాట ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీద మాత్రమే నిజం. గంటల గీతలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతాయి. 15ను దిక్పాతం (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణం) కొసైన్‌తో గుణించాలి. దిక్పాతం 60 డిగ్రీల దగ్గర గంటకు 7.5 డిగ్రీలే.

సప్తర్షి మండలంలో క్రతువు, అత్రి నక్షత్రాలను చూడండి. క్రతువు విషువాంశం 11 గంటల 4 నిమిషాలు, అత్రిది 12 గంటల 15 నిమిషాలు. మా పాత లెక్కన దాదాపు 18 డిగ్రీలు రావాలి. కానీ చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు కదా, అడ్డం పెడితే రెండింటి మధ్య సరిగ్గా పడుతుంది. తూర్పు పడమరలుగా 9 డిగ్రీలు, దిక్పాతంలో 4.7 డిగ్రీల తేడా. రెండూ కలిసి అసలు దూరం 10 డిగ్రీల పైచిలుకు.

ఇంకొకటి. ఆ పోస్టులో ఇచ్చిన అంకెలు 2000 సంవత్సరపు నిర్దేశకాలని (ఆ ఏటి స్థానాలని) చెప్పడం మరిచాం, ఇది చిన్న పొరపాటేమీ కాదు. భూమి అక్షం బొంగరంలా ఊగడం వల్ల విషువత్తు (విషువాంశం లెక్క మొదలయ్యే బిందువు) ఏటా 50.3 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను. పాతికేళ్లకు 21 ఆర్క్ నిమిషాలు! అర డిగ్రీ మాత్రమే కనిపించే ఐపీస్‌లో క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడి దారి) దగ్గరి నక్షత్రం అంచు దాటిపోతుంది. టెలిస్కోపు డయల్స్ తిప్పేవాళ్లు ముందు ఆ రోజుకు మార్చిన అంకెలు తీసుకోవాలి, లేదా దగ్గర్లోని తెలిసిన నక్షత్రం మీద డయల్ సరిచేసుకోవాలి.