పండగ పూట గుండె మాటెందుకన్నారు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం గంటకు పైగా సాగింది. పన్నెండు రాశుల ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు తీరిగ్గా విన్నాం. తర్వాత పిల్లల డాన్సులు. ఆ తర్వాత, కార్యక్రమ పత్రంలో అచ్చువేసిన ప్రకారం, గుండె ఆరోగ్యంపై ఇరవై నిమిషాల ప్రసంగం. డాక్టరమ్మ గారు మూడో స్లైడుకి వచ్చారో లేదో, గాయకుడి బృందం సౌండ్ చెక్‌కి దిగింది. "పండగ పూట గుండెపోట్ల మాటలెందుకండీ, అవతల బొబ్బట్లు చల్లారిపోతున్నాయి, మేడమ్ గారికి గట్టిగా చప్పట్లు!" అన్నాడు యాంకర్ అబ్బాయి. హాలంతా నవ్వింది.

ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు, చిన్నవాడు. నవ్విన పెద్దల మీదే కోపం. పోయిన చలికాలం మనమంతా విరాళాలు పోగుచేసి ఎవరి భౌతికకాయాన్ని ఇండియా పంపామో, ఆయన భార్య మూడో వరసలో కూర్చుని ఉంది. ఫ్యూనరల్ హోమ్‌లో ఆ పిల్ల పదేపదే అన్నది ఒక్కటే మాట: "టెస్టుల్లో అన్నీ నార్మలే అన్నారక్కా."

ఆ మాట నేను మా ఇంట్లోనూ విన్నాను. మా ఆయనకి యాభై నిండకముందే గుండెపోటు వచ్చింది. శనివారం వాలీబాల్ ఆడి వచ్చి, ఛాతీలో మంటగా ఉందని, మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీలు పడలేదని తనే తేల్చేశాడు. వాము నమిలాడు. ఇండియా నుంచి తెచ్చుకున్న పుదీన్ హరా మింగి సోఫాలో వాలాడు. ఏసీ నడుస్తున్న గదిలో ఆయన చొక్కా తడిసి ముద్దవడం చూసి నేను 911కి ఫోన్ చేస్తే, "అంబులెన్స్ బిల్లు ఎంతవుతుందో తెలుసా నీకు?" అన్నాడు. అదీ మన మనిషి! రెండు స్టెంట్లు వేశారు.

మర్నాడు ఆయన పాత రిపోర్టులన్నీ ఫోన్‌లో తీసి కార్డియాలజిస్టు ముందు పెట్టాను. మొత్తం కొలెస్ట్రాల్ 178. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 112. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మాత్రం కొంచెం తక్కువ, రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, కొంచెం ఎక్కువ. ఏటా ఇదే తంతు, కింద "బాగుంది" అని ఒక ముక్క. కార్డియాలజిస్టు ఆశ్చర్యపోలేదు. అమెరికా ఆసుపత్రుల్లో గుండెజబ్బుతో చేరిన లక్షా ముప్ఫై ఆరువేల మంది రికార్డులు చూసి 2009లో ఒక అధ్యయనం వేశారట. దాదాపు సగం మందికి ఎల్‌డీఎల్ 100 లోపే ఉంది. "మీ ఆయన ఒంటరివాడేం కాదమ్మా" అన్నట్టు నవ్వాడాయన.

అలాగని కొలెస్ట్రాల్ అబద్ధమని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నిజమైపోవు. ఎల్‌డీఎల్ లేకపోతే ఈ కథ మొదలే కాదు. అది రక్తనాళం గోడలోకి చొరబడుతుంది, దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి, తిని తిని ఉబ్బి అక్కడే చచ్చి పేరుకుంటాయి. లోపల చీము పట్టిన కురుపులా ఒక పూడిక తయారవుతుంది. కురుపు పెద్దదా చిన్నదా అన్నదాని కన్నా దాని పైపొర పల్చబడిందా లేదా అన్నది ముఖ్యం. లోపలి వాపు, అదే ఇన్‌ఫ్లమేషన్, ఆ పొరని కొరికేస్తుంది. పొర చిట్లిందా, రక్తం అక్కడే గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. మొన్న ట్రెడ్‌మిల్ టెస్టు పాసైన మనిషి ఇవాళ కూలిపోవడం అందుకే.

ఆ వాపుని పట్టిచ్చే పరీక్ష ఒకటుంది, హెచ్‌ఎస్-సీఆర్పీ. జ్వరాలకి చేసే మామూలు సీఆర్పీ కాదు, చిన్న మోతాదుల్ని కూడా కొలిచేది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే గుండె సంగతి కాదు, ఏదో ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుంది, తగ్గాక మళ్ళీ చేయించాలి. 2008లో వచ్చిన జూపిటర్ ట్రయల్‌లో ఎల్‌డీఎల్ 130 లోపు, సీఆర్పీ 2 పైన ఉన్న పద్దెనిమిదివేల మందిని తీసుకున్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 44 శాతం తగ్గాయి. 2017లో కాంటోస్ ట్రయల్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఇచ్చిన మందు కొలెస్ట్రాల్‌ని ముట్టుకోలేదు, వాపుని మాత్రమే తగ్గించింది, అయినా గుండెపోట్లు తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి కాబట్టి ఆ మందు గుండెకి వాడకంలోకి రాలేదు. గౌట్ అనే కీళ్లవాపు జబ్బుకి వాడే పాత మందు కొల్చిసిన్‌ని చిన్న మోతాదులో గుండెజబ్బుకి కూడా ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతించింది. ఇండియాలో డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది కదా అని తెప్పించుకునేరు, కిడ్నీలు సరిగా లేనివాళ్లకి అది విషం.

ఈ అంకెల్లో ఏదీ నాళం ఎంత శాతం పూడిందో చెప్పదు. సీఆర్పీ ఎక్కువున్నవాళ్లకి పూడిక తక్కువుండొచ్చు, తక్కువున్నవాళ్లకి బైపాస్ అవసరం పడొచ్చు. గుండెపోటు వచ్చిన రోజుల్లోనైతే సీఆర్పీ ఆకాశానికి పోతుంది, ఎల్‌డీఎల్ కిందికి జారుతుంది, రెండూ నమ్మడానికి లేదు. పూడిక చూడాలంటే కాల్షియం స్కోర్ స్కానో, యాంజియోగ్రామో ఉండాలి. రక్తపరీక్ష చెప్పేది ప్రమాదం ఎటువైపు మొగ్గుతోందన్నది మాత్రమే. పొట్ట చుట్టూ కొవ్వు, చిగుళ్ల జబ్బు, మొన్న పట్టిన జలుబు, ఏదైనా సీఆర్పీని పెంచుతుంది. కనుక "ఊరికే టెన్షన్ పెడుతున్నారు" అన్న కార్యవర్గం మిత్రుల మాటలో కొంత న్యాయం ఉంది. ల్యాబుల ప్యాకేజీ వ్యాపారం సంగతీ తెలుసు నాకు.

అయితే, మనం మామూలు లెక్కలో పడే మనుషులం కాదు. 1948లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో మొదలైన అధ్యయనం నుంచే కొలెస్ట్రాల్ ముప్పు లెక్కలు పుట్టాయి, ఆ ఊరివాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. అదే ఏడాది ఆగస్టులో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే పోయారు, గుండె ఆగి. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టిన మనిషి ఆయన. వయసు 53. దక్షిణాసియా వాళ్లలో మొదటి గుండెపోటు సగటు వయసు కూడా 53 అనీ, మిగతా దేశాల్లో దాదాపు 59 అనీ గుండెపోట్లపై పలు దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం పరిశోధకులు 2007లో రాశారు. మన వాళ్లనే తీసుకుని పరిశీలించే మసాలా అధ్యయనం (పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి) షికాగోలో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 2010లో గానీ మొదలవలేదు. 2018 అమెరికా మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాల్నే ఒక ముప్పుగా లెక్కేశాయి. సీఆర్పీ 2 దాటడం, లైపోప్రోటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొవ్వు కణం) ఎక్కువుండడం, అపోబీ (చెడు కొలెస్ట్రాల్ కణాల లెక్క చెప్పే ప్రోటీన్) ఎక్కువుండడం కూడా అదే జాబితాలో ఉన్నాయి.

తిండి గురించి నేను ఎవర్నీ ఏమీ అనదలుచుకోలేదు. ఆవకాయ జోలికి రావద్దు, వేడన్నంలో చెంచాడు నెయ్యి జోలికీ రావద్దు. కానీ పాట్‌లక్ పేరు చెప్పి పులిహోర, బిర్యానీ, బగారా రైస్ మూడూ ఒకే ప్లేటులో గుట్టపోసి, పక్కన డబుల్ కా మీఠా పెట్టుకుని, "నేను వెజిటేరియన్నండీ, నాకేం కాదు" అనేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. గుండెపోటు మాట పైకి అనకూడదట, దిష్టి తగులుతుందట.

మా ఆయనకి ఎక్కువని తేలింది లైపోప్రోటీన్-ఎ. అది వంశంలో వస్తుంది, నడకతో తగ్గదు, స్టాటిన్‌తోనూ తగ్గదు, కాబట్టి ఎల్‌డీఎల్‌ని బాగా కిందికి దించడమే దారి. తెనాల్లో ఉన్న మా మరిదికి ఫోన్ చేసి చేయించమంటే, "వదినా, నాకు షుగరే లేదు" అన్నాడు. నెలరోజులు వెంటపడితే చేయించాడు. ఎక్కువే వచ్చింది. మా మామగారు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయారు. చుట్ట ముట్టని మనిషి. గ్యాస్ పైకి తన్నిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కార్యవర్గానికి నేను అడిగేది చిన్నదే. దసరాకో దీపావళికో, భోజనాలకి ముందు అరగంట ఆ డాక్టరమ్మ గారికి ఇవ్వండి. ఉచిత శిబిరంలో వేలు గుచ్చి ఒక్క అంకె చెప్పి పంపేయడం ఆపండి, అది ధైర్యం ఇచ్చి ఇంటికి పంపుతుంది అంతే.

చదివేవాళ్లని అడిగేది ఇది. ఈసారి ఫిజికల్‌కి, అదే ఏటా చేసే చెకప్‌కి, వెళ్లినప్పుడు లైపోప్రోటీన్-ఎ జీవితంలో ఒక్కసారి చేయమని అడగండి. అనుమానం ఉంటే హెచ్‌ఎస్-సీఆర్పీ, అపోబీ కలపమనండి, ఇన్సూరెన్స్ ఇవ్వకపోయినా. ఈ ఆదివారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు వానలు పడ్డాయా అని అడిగాక, తాతగారూ పెదనాన్నా ఏ వయసులో ఎలా పోయారో కూడా అడిగి రాసుకోండి. మగవాళ్లు 55 లోపు, ఆడవాళ్లు 65 లోపు గుండెజబ్బు పడితే ఇక్కడి డాక్టర్లు దాన్ని కుటుంబ చరిత్రగా లెక్కేస్తారు. "గ్యాస్" అని చెప్పుకున్నవీ అందులో కలిపి చెప్పండి.